ఏదీ ముట్టుకోవద్దన్నాను

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఫీజు ఎంత వస్తుందని. రెండోది, ఏ కంపెనీ జాబితాలో పేరు ఎక్కించుకుంటే మేలని. ఆ రెండూ ఎవరైనా చెబుతారు. నేను కదిరిలో కాపురముండి, ముప్పై ఏళ్లకు పైగా చుట్టుపక్కల మండలాల్లో కాలిన అంగళ్లు, కూలిన గోడలు, దొంగలు పడిన గోడౌన్లు చూసి, నష్టం ఎంతో రాసిచ్చే బీమా సర్వేయరుగా బతికాను. ఇప్పుడు లైసెన్సు వదిలేశాను. ఎవరి దగ్గరా పని అడిగే అవసరం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు ఇచ్చిన శాలువాల సంగతి ఇందులో ఉండదు.

సర్వేయరు కంపెనీ మనిషి కాడు, అంగడి యజమాని మనిషీ కాడు, మధ్యవాడు అని పుస్తకంలో ఉంటుంది. పరీక్షలో అదే రాయండి, మార్కులు వేస్తారు. ఫీజు ఇచ్చేది మాత్రం కంపెనీ. ఆ సంగతి మీకు గుర్తుండకపోయినా మీ చేతికి గుర్తుంటుంది. రిపోర్టు రాసేటప్పుడు అది ఎటు వాలుతుందో చూసుకోండి.

ఫారంలో ఒక గడి

బీమా ఫారంలో 'సోల్ ప్రొప్రైటర్' అని ఒక గడి ఉంటుంది. అంగడి ఒక్కరిదే అయితే అక్కడ టిక్కు పెడతారు. వెల్డింగు షెడ్డు, పిండిమర, ఎరువుల అంగడి, సైకిల్ అంగడి, మా దిక్కు అన్నీ ఆ గడిలోనివే. ఆ మాటకు అర్థం ఏమిటో ఏజెంటు చెప్పడు, యజమాని అడగడు. అర్థం ఏమీ కష్టమైంది కాదు. అంగడీ మనిషీ వేరు కాదు. మనిషి మంచం పడితే అంగడికి తాళం పడుతుంది. అంగడికి వచ్చిన నష్టం నేరుగా ఇంట్లో పొయ్యి మీద పడుతుంది. ఆ మనిషి పేరు చెడిందంటే, అంగడి ఉండీ లేనట్టే. ఈ మూడింటిలో పాలసీ ఆదుకునేది మధ్యలో ఉన్న ఒక్కదాన్నే, అదీ కొంతే.

గుత్తి దగ్గర ఒక పిండిమర ఉండేది. యజమాని గుండెపోటుతో పోయాడు. భార్య మర నడుపుకుంటూ, ఏజెంటు వచ్చినప్పుడల్లా పాలసీ పాత పేరు మీదే కడుతూ వచ్చింది. బోర్డు మీద భర్త పేరు తీసేయడానికి ఆమెకు మనసు రాలేదు. కొత్తగా ఫారాలు నింపడానికి ఏజెంటుకు ఓపిక లేకపోయింది. ఒకరోజు మోటారు అంటుకుని మర మొత్తం పోయింది. ఆమె కాగితాల సంచి నా ముందు బోర్లించి, "కట్టింది నేనే గద సార్, రసీదులన్నీ ఉండాయి చూడు" అంది. కట్టింది ఆమే. బీమా ఉన్నది మాత్రం చచ్చిపోయిన మనిషికి. నేను అదే రాశాను, కంపెనీ లేదు పొమ్మంది. చట్టంలో ఎక్కడా తప్పు లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "అయితే ఇంగ బోర్డు తీసేయాల్నా సార్?" అని అడిగింది. నేను తీసేయమ్మా అన్నాను.

కాబట్టి మీరు ఏ అంగట్లోకి వెళ్లినా ముందు బోర్డు చదవండి, తర్వాత పాలసీ చదవండి, ఆ తర్వాత ఎదురుగా ఉన్న మనిషిని పేరు అడగండి. మూడూ కలవకపోతే, ఏమీ కాలకముందే చెప్పండి. అది మీ పని కాదని పెద్దవాళ్లు అంటారు. అననివ్వండి.

పెద్దసారు నేర్పిన చదువు

నాకు పని నేర్పినాయనను అందరూ పెద్దసారు అనేవాళ్లు. నేనూ అలాగే అంటాను. తెల్ల పంచె, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆ రెండూ కలిపి వేసుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. కాలిన అంగట్లోకి వెళ్లి ముందు అరగంట ఏమీ ముట్టుకోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడేవాడు. బట్టల అంగడి కాలితే తాన్లు మొత్తం బూడిద కావు, అంచులు మాడి లోపల మడతలు మిగులుతాయి. ఆయన ఆ మడతలను చాకుతో విడదీసి, పుస్తకం పేజీలు తిప్పినట్టు లెక్క పెట్టేవాడు. సరుకుల అంగడి కాలితే డబ్బాల మూతలు ఏరించేవాడు. మూతలు కాలవు కదా.

ఆయన నాకు రోజుకు పదిసార్లు చెప్పిన మాట ఒక్కటే. "నువ్వు చేరేలోపల ఎవురూ ఏదీ ముట్టుకోకుండా చూసుకో. ముట్టుకున్నారా, ఇంగ నువ్వు చూసేది కాలిన అంగడి కాదు, వాళ్లు నీకు చూపించాలనుకున్న అంగడి."

ఒకసారి నా కళ్ల ముందే అది నిజమైంది. ఒక ఎరువుల వ్యాపారి అంగడి కాలిన రెండోరోజు పొద్దున్నే వేరే ఊరి నుంచి ఖాళీ సంచులు తెప్పించి, బూడిదలో పొర్లించి పెట్టాడు. సంచుల మూతి కుట్లు అప్పటికే విప్పి ఉండడం చూసి పెద్దసారు పట్టేశాడు. ఆ రోజు నుంచి ఆయన మాట నాకు వేదం. అంగడి కాలిందని ఫోను వస్తే అయ్యో అనేకంటే ముందు నా నోట వచ్చే మాట, "ఏదీ ముట్టుకోవద్దు, నేను వస్తున్నా" అని.

పెద్దసారు మాటలో 'నువ్వు చేరేలోపల' అన్న ముక్క నేను సరిగ్గా వినలేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ముట్టుకోవద్దని చెప్పిన ఆయన ఎంత దూరమైనా ఆ రోజే చేరేవాడు. బస్సు లేకపోతే లారీ ఎక్కేవాడు. ముట్టుకోవద్దనే హక్కు, వెంటనే పోయేవాడికే ఉంటుంది. నేను హక్కు తీసుకున్నాను, పోవడం మాత్రం నా వీలును బట్టి పోతూ వచ్చాను.

హుస్సేనప్ప అంగడి

నల్లమాడ పోయే దారిలో హుస్సేనప్పకు మోటారు వైండింగు అంగడి ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, లోపల రాగి తీగ కొత్తగా చుట్టి ఇచ్చే పని. మా దిక్కు వైండింగు మేస్త్రీ అంటే చిన్న మనిషి కాదు. ఎనిమిది వందల అడుగుల కింద ఉన్న కాసిన్ని నీళ్లు పైకి వస్తాయా రావా అన్నది ఆయన వేళ్ల మీద ఉంటుంది. ఎండాకాలంలో కరెంటు ఎక్కువ తక్కువలకు మోటార్లు రోజూ కాలుతాయి. రైతులు వాటిని ఆటోలో వేసుకొచ్చి, అంగడి ముందు కూర్చుని, "మాది ముందర సూడు హుస్సేనా" అని బతిమాలుతుంటారు.

అక్కడ రసీదు అనే మాట లేదు. హుస్సేనప్ప మోటారు తీసుకుని, దాని మీద సుద్దముక్కతో ఊరి పేరు, మనిషి పేరు రాసేవాడు. అంతే. మోటారంటే రైతుకు ప్రాణంతో సమానం. దాన్ని ఒక సుద్దగీత మీద వదిలిపోయేవాళ్లు. ఆయన నాయన కాలం నుంచీ అట్లాగే జరుగుతోంది. ఒక్క మోటారు తారుమారైందని ఎప్పుడూ ఎవరూ అనలేదు. ఆ అంగడికి అసలు ఆస్తి ఆ నమ్మకమే. దానికి ఏ కంపెనీ దగ్గరా పాలసీ లేదు.

మిగతా వాటికి ఉంది. హుస్సేనప్ప పాలసీ నేను చూసినవాటిలో మంచిది. సొంత మిషన్లు, తీగలే కాకుండా, రిపేరుకు వచ్చిన రైతుల మోటార్లకు కూడా అందులో చోటుంది. ఆ ఒక్క వాక్యం చేర్పించుకోక మునిగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వైండింగు అంగడైనా, టైలరు అంగడైనా, టీవీ రిపేరైనా, లోపల ఉన్న సరుకులో సగం ఊరివాళ్లది. పాలసీలో సొంత సరుకు అని మాత్రమే ఉంటే ఆ సగానికి దిక్కు లేదు. హుస్సేనప్ప కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల పాలసీ అంతా చదివి, ఏజెంటును నిలదీసి ఆ వాక్యం వేయించింది. చేయాల్సిందంతా సరిగ్గా చేసిన కుటుంబం అది. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

తొమ్మిది రోజులు

మే నెలలో ఒక మధ్యాహ్నం వార్నీషు డబ్బా దగ్గర నిప్పురవ్వ పడి అంగడి ముందు గది అంటుకుంది. ఫైరింజన్ వచ్చి ఆర్పింది. ముందు గదిలో మిషను, తీగ చుట్టలు పోయాయి. వెనక గదిలో పన్నెండు మోటార్లున్నాయి. వాటికి మంట తగల్లేదు. పొగ పట్టింది, ఫైరింజన్ నీళ్లకు తడిశాయి. అందులో కొన్ని విప్పి పెట్టినవి, లోపలి ఇనుము బయటపడి ఉంది. ఒకటి మాత్రం వైండింగు పూర్తయి, మూత బిగించి, మర్నాడు పొద్దున తీసుకుపోవడానికి సిద్ధంగా ఉంది. అది ఓబిరెడ్డిది.

ఓబిరెడ్డికి నాలుగెకరాల చీనీ తోట, కోస్తావాళ్లు బత్తాయి అంటారు. ఏడేళ్ల చెట్లు, కాపు మీద ఉన్నాయి. మోటారు కాలి అప్పటికే వారం దాటింది. ట్యాంకర్లతో నీళ్లు తోలుకుంటూ, ఒక వరసకు పోస్తే ఇంకో వరసకు చాలక, మోటారు కోసం ఎదురు చూస్తున్నాడు. ఎర్రనేలలో, మే ఎండల్లో, కాయల మీద ఉన్న చీనీ చెట్టు ఎన్నాళ్లు ఆగుతుందో మా దిక్కు పిల్లలను అడిగినా చెబుతారు.

హుస్సేనప్ప కంపెనీకి ఫోను చేశాడు, కంపెనీ నాకు చేసింది. నేను హుస్సేనప్పకు ఫోను చేసి ఎప్పటి మాటే చెప్పాను. "ఏదీ ముట్టుకోవద్దు. రేపు వస్తా."

రేపు పోలేదు. అప్పుడు నేను గుత్తి దగ్గర ఒక పెద్ద నూనె మిల్లు క్లెయిములో ఉన్నాను. పెద్ద క్లెయిము, పెద్ద ఫీజు. మిల్లు యజమాని కారు పంపేవాడు, మధ్యాహ్నం భోజనం పెట్టించేవాడు. నల్లమాడ దారిలో ఒక చిన్న అంగడి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. అట్లా అనుకున్నానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సరిగ్గా ఆ మాటలే అనుకున్నాను.

మూడోరోజు హుస్సేనప్ప ఫోను చేశాడు. అప్పుడు నేను మిల్లులో అన్నం ముందు కూర్చున్నాను.

"సార్, నల్లమాడ తట్టు రైతు ఓబిరెడ్డన్న వచ్చినాడు సార్. ఆయప్ప మోటారుకు ఏమీ కాలేదు. వెనక రూములో బాగుండాది. తోట ఎండిపోతాందంట. ఫోటో తీసిపెట్టుకోని ఆ ఒక్కటీ ఇచ్చేదా?"

"ఒకటి ఇస్తే అన్నీ ఇచ్చినట్టే హుస్సేనప్పా. రేపు కంపెనీవాళ్లు ఇంకేం తీశావని అడుగుతారు. నేను వచ్చేదాకా ఆగు."

"విప్పినవి తడిసుండాయి సార్. ఎండలో పెట్టేదా? తుప్పు పడతాది."

"ఏదీ కదిలించొద్దన్నా కదప్పా."

"సరే సార్. నువ్వు ఎట్ల జెప్తే అట్ల."

ఫోను పెట్టేసి పెరుగన్నం తిన్నాను. ఫోటోలు తీసి ఇచ్చెయ్యి, విప్పినవి ఎండలో ఆరబెట్టు, ఈ రెండు ముక్కలు చెప్పడానికి నిమిషం పట్టేది. నిబంధనలో కూడా అదే ఉంది. నష్టం పెరగకుండా యజమాని తన చేతనైన జాగ్రత్త తీసుకోవాలి అని ప్రతి పాలసీలో రాసి ఉంటుంది. నేనది క్లాసుల్లో చదివి వినిపించినవాణ్ణి.

నేను తొమ్మిదో రోజు వెళ్లాను. హుస్సేనప్ప వెనక గదికి తాళం వేసి, తాళానికి పాతగుడ్డ చుట్టి ముడి వేసి ఉంచాడు, ఎవరూ తీయలేదని నాకు తెలియడానికి. తలుపు తీస్తే లోపల ఉక్క, తడి వాసన. విప్పిన మోటార్ల లోపల ఇనుము పొరలు పొరలుగా తుప్పెక్కి, ఇంక దేనికీ పనికిరాకుండా పోయింది. ఓబిరెడ్డి మోటారు గోడకు ఆనించి ఉంది. పొగ తుడిస్తే కొత్తదానిలాగా ఉంది. దాన్ని ఆ సాయంత్రమే పంపించాను. ఏదో ఉపకారం చేస్తున్నవాడిలాగా, "ఇంక ఇచ్చెయ్యి" అన్నాను.

అప్పుడు అంగడి ఎదురుగా టీ అంగడివాడు నాతో చెప్పాడు. ఈ తొమ్మిది రోజుల్లో ఓబిరెడ్డి మూడుసార్లు వచ్చాడట. మూడోసారి రోడ్డు మీద నిలబడి, పది మంది వినేట్టు అరిచాడట. "మోటారు బాగున్నా ఈడు ఇయ్యడంట. కాలిపోయినాదని లెక్కలో రాసుకోని కంపెనీ దుడ్లు తింటాడు. సర్వేరు పేరు చెప్పి నాటకం ఆడతాండాడు." హుస్సేనప్ప తల వంచుకుని నిలబడ్డాడు కానీ, తాళం మాత్రం తీయలేదట.

మోటారు బోరులో దిగేటప్పటికి కాయలన్నీ రాలిపోయాయి. నీళ్లు పెట్టాక కొన్ని చెట్లు చిగిర్చాయి. సగానికి పైగా చెట్లు మళ్లీ పచ్చబడలేదు.

టేబులుకు ఈ పక్క

కంపెనీ ఆఫీసు అనంతపురంలో. అధికారి వేరే జిల్లా నుంచి వచ్చిన ఒక యువతి, పని తెలిసిన మనిషి. ఆమెను నేను తప్పుపట్టను. మంటకు పోయినవాటికి డబ్బు ఇవ్వడానికి ఆమెకు అభ్యంతరం లేదు. ఆమెకు అర్థం కానిది తుప్పు. హుస్సేనప్పను, నన్ను ఇద్దరినీ పిలిపించింది.

"నీళ్లకు తడిసిన మోటార్లను మీరు తొమ్మిది రోజులు అలాగే ఎందుకు వదిలేశారు? బయటపెట్టి ఆరబెడితే పాడయ్యేవి కాదు కదా?" అని అడిగింది.

"ముట్టుకోవద్దన్నారు మేడం" అన్నాడు హుస్సేనప్ప.

"ఎవరు?"

ఆయన నా వైపు చూశాడు. వేలు చూపించలేదు, పేరు చెప్పలేదు. నేను చెబుతానని ఎదురు చూశాడు.

అక్కడ నేను చెప్పాల్సింది ఒకటే వాక్యం. నేనే వద్దన్నాను, తొమ్మిది రోజులు నేనే పోలేదు. చెబితే కంపెనీ నా పేరు జాబితా నుంచి తీసేసేది. పోయినా అప్పటికి నా పిల్లలు స్థిరపడ్డారు, ఇల్లు కట్టుకున్నాను, నాకు తిండికి లోటు లేదు. అయినా నా నోరు ఇట్లా పలికింది.

"సాధారణంగా మేం అందరికీ చెబుతాం మేడం, స్థలం చెదరగొట్టొద్దని. తడిసినవి ఆరబెట్టొద్దని ఎవరమూ చెప్పం."

ఆ మాటల్లో ఒక్కోదాన్ని విడిగా తీసి చూస్తే తప్పు కనిపించదు. పచ్చి అబద్ధం అది. హుస్సేనప్ప ఇంకోసారి నా వైపు చూడలేదు. అధికారి రాసుకుంది. మోటార్ల భాగం మొత్తం, యజమాని నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టమని కొట్టేశారు.

ముందు గదికి కంపెనీ ఇచ్చిన డబ్బుతో హుస్సేనప్ప మిషను కొనుక్కోలేదు. తుప్పుపట్టిన మోటార్ల రైతులకు పంచేశాడు. అది కూడా ఎవరికీ పూర్తిగా చాలలేదు. పుచ్చుకున్నవాళ్లే, ఇంకా ఎంత మిగుల్చుకున్నాడో అన్నారు. ఓబిరెడ్డి అరిచిన మాట అప్పటికే సంతల్లో, ఆటోల్లో తిరుగుతోంది. హుస్సేనప్ప అప్పు చేసి అంగడి మళ్లీ తెరిచాడు. సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు. మోటార్లు రాలేదు. ఆరు నెలలకు షట్టరు దించి, కదిరిలో ఇంకొకరి వైండింగు అంగట్లో కూలికి చేరాడు.

ఒక్క లైను

క్లెయిము కొట్టేసిన ఆ ఏడాదిలోనే హుస్సేనప్ప ఒకసారి మా ఇంటికి వచ్చాడు. కంపెనీ నిర్ణయం నచ్చకపోతే పైన ఫిర్యాదు చేసుకోవచ్చు, ఏడాది లోపల చేయాలి అని కూతురు కనుక్కుని పంపించింది. లోపలికి రమ్మన్నా రాలేదు, అరుగు దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్క లైను రాసియ్యి సార్, నువ్వు ఫోనులో చెప్పినావని. ఇంగేమొద్దు."

"చూద్దాం హుస్సేనప్పా. ఫైలు తిరగేయాలి" అన్నాను.

ఫైలు తిరగేయడానికి ఏమీ లేదు. అదేమీ రాతలో ఉన్న సంగతి కాదు. చూద్దాం అనే మాట మా వృత్తిలో ఎంత పనికొస్తుందో మీకు త్వరలోనే తెలుస్తుంది. లేదు అనే ధైర్యం లేనివాడు వాడే మాట అది. ఆయన రెండుసార్లు ఫోను చేశాడు, నేను ఎత్తలేదు. ఏడాది దాటిపోయింది. దాటిన రోజు నాకు గుర్తుంది, ఎందుకంటే క్యాలెండరు చూసి లోపల హమ్మయ్య అనుకున్నాను. ఇన్నేళ్ల వృత్తిలో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైంది ఆ హమ్మయ్య.

పోయినేడు లైసెన్సు వదిలేశాక ఒకరోజు కూర్చుని, జరిగిందంతా రాశాను. తారీఖులు, ఫోనులో అన్న మాటలు, నూనె మిల్లులో భోజనం, ఆఫీసులో నేను చెప్పింది. రెండు పేజీలైంది. సంతకం పెట్టి, ఆయన పనిచేసే అంగడికి తీసుకెళ్లాను.

హుస్సేనప్ప కింద కూర్చుని తీగ చుడుతున్నాడు. గడ్డం తెల్లబడింది. కాగితం తీసుకుని, చేతులకు గ్రీజు ఉందని చివరలు పట్టుకుని చదివాడు. నిదానంగా, రెండు పేజీలూ.

"ఇది ఇప్పుడు యాడికి పంపాల్ల సార్?" అన్నాడు.

"ఎక్కడికీ పంపడానికి లేదు. గడువు అయిపోయింది."

"మరి నాకెందుకు?"

ఆయన కాగితం మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"కాగితం వద్దు సార్. నువ్వొచ్చి ఓబిరెడ్డన్నకు చెప్పు. నీ నోటితో చెప్పు. నేను చెప్పినా గాని ఆయప్ప నమ్మలేదు. మా పాప పెండ్లికి పిలిస్తే గూడా రాలేదు."

అప్పటికప్పుడు బయలుదేరాం. నా స్కూటరు మీద ఆయన వెనక కూర్చున్నాడు. నాకు భయంగా ఉంది. ఆ వయసులో, చేతిలో ఏ పనీ లేని మనిషికి పోయేది ఏముందని మీరు అనవచ్చు. అయినా భయంగానే ఉంది.

ఓబిరెడ్డి పొలంలోనే ఉన్నాడు. తోట ఉన్నచోట ఇప్పుడు కంది వేశాడు. కంది సాళ్ల మధ్య అక్కడక్కడా చీనీ మొదళ్లు నరికినవి నరికినట్టే ఉన్నాయి. ఆయన రేకుల కొట్టం ముందు నిలబడి, హుస్సేనప్పను చూసి ముఖం తిప్పుకున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"నేను ఆ రోజు రావాల్సిన సర్వేయరును" అన్నాను. "మోటారు ఇవ్వొద్దని హుస్సేనప్పకు చెప్పింది నేనే. ఆయన ఫోను చేసి, ఈ ఒక్కటీ ఇస్తానని నన్ను అడిగాడు. మీ తోట ఎండిపోతోందని కూడా చెప్పాడు. నేను వద్దన్నాను. తొమ్మిది రోజులు రాలేదు. తర్వాత ఆఫీసులో అడిగితే, నేను చెప్పలేదన్నాను."

ఓబిరెడ్డి నా వైపు చూడలేదు. హుస్సేనప్ప వైపే చూస్తున్నాడు.

"నిజమేనారా హుస్సేనా?"

"ఆ పొద్దే చెప్పినా గదన్నా."

"చెప్పినావు" అన్నాడు ఓబిరెడ్డి. "నేనే నోరు పారేసుకుంటి. రోడ్డు మీద నిలబడి అంటి" అన్నాడు.

ఓబిరెడ్డి కొట్టంలోకి పోయి, గోడకు నిలబెట్టిన నులక మంచం తెచ్చి నీడలో వాల్చాడు. తువ్వాలతో దాని మీద దుమ్ము దులిపాడు.

"కూచో హుస్సేనా" అన్నాడు.

హుస్సేనప్ప కూర్చున్నాడు. ఓబిరెడ్డి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకిచ్చి, తానూ మంచం మీద పక్కన కూర్చున్నాడు. వాన పడలేదని, కంది పూత నిలవలేదని, పాప కాపురం యాడ పెట్టిందని, ఇద్దరూ మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మంచం మీద ఇంకొకరికి చోటుంది. నన్ను కూర్చోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. హుస్సేనప్పను మళ్లీ కదిరిలో దించాల్సింది నేనే కాబట్టి, వాళ్ల మాటలు అయ్యేదాకా ఎండలో స్కూటరు పక్కన నిలబడ్డాను.